డాబా మీద నల్లగొడుగు

ఆ ఇంట్లో నిప్పు పెట్టింది మీరే. తోడికోడళ్ళన్నాక కొట్టుకుంటారులే అని తప్పుకోకండి. ఇంటర్నెట్ అమ్మేది మీరు. అది పనిచెయ్యకపోతే జనం పెట్టే తిట్లు తినడానికి ఆడవాళ్ళని పెట్టుకునేది మీరు. అదే ఆడవాళ్ళింట్లో నెట్ పోతే "మీ ఇంటి లైను మీ బాధ్యత" అని చేతులు దులుపుకునేదీ మీరే. పైగా ఒకే లైను మీద ఇద్దరెందుకు, ఎవరి కాల్స్ తక్కువ తెగితే వాళ్ళదే సీటు అని బోర్డు పెట్టారు. ఎముక విసిరినవాడికి కుక్కల్ని తిట్టే హక్కు లేదు.

ఆ పొద్దున కూడా పెద్దకోడలు మెట్ల కింద గదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరో ముసలాయనకి పాఠం చెబుతోంది.

"రూటర్ వెనకాల కరెంటు వైరు పీకండి బాబాయిగారూ. కాసేపాగి మళ్ళీ పెట్టండి. లైటు ఏ రంగులో ఉంది?"

"ఎర్రగానే ఉందమ్మా, నా కళ్ళలాగే. పొద్దుట్నించీ పీకడం, పెట్టడం. వైరుకేం కాలేదు గానీ నేనే ఊడొచ్చేట్టున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు కూడా రికార్డవుతుందని మింగేసింది. అంతలోనే కిటికీ గట్టు మీదున్న ఆమె సొంత రూటర్ ఎర్రబడింది. ముసలాయన గొంతు ముక్కలు ముక్కలై ఆగిపోయింది. తెర మీద బోర్డులో ఆమె పేరు పక్కన ఇంకో ఎర్రచుక్క పడింది. ఆ పైన చిన్నకోడలి పేరు. దాని పక్కన అన్నీ పచ్చచుక్కలే, నారుమడిలాగా.

ఆ నారుమడిని చూసినప్పుడల్లా పెద్దకోడలు తన ఎర్రచుక్కలు మళ్ళీ లెక్కపెట్టుకుంటుంది.

అసూయ ఆమెకి కొత్తేం కాదు. చిన్నప్పుడు అక్క పలక నున్నగా ఉందని ఏడ్చిన మనిషి. పెద్దయ్యాక ఏళ్ళకేళ్ళు బట్టలకొట్టులో నిలబడి చీరలు మడతపెట్టింది. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. ఈ పని దొరికాక మొదటిసారి కూర్చుంది. "మా పెద్దది కంప్యూటర్ పని చేస్తుంది" అని అత్త పక్కింటావిడతో అంటుంటే తలుపు చాటున నిలబడి, ఆ మాట మళ్ళీ అంటుందేమోనని చెవులు రిక్కించి వింది. అంతవరకూ ఆ ఇంట్లో ఆమె గురించి ఎవరూ ఏమీ చెప్పుకోలేదు మరి. తర్వాత పై వాటాలో ఉండే చిన్నకోడలు "అక్కా, నాకూ నేర్పవూ" అంటూ వచ్చింది. నేర్పింది. నేర్పినందుకు ఇవాళ అత్త "మా చిన్నది" అంటోంది. ఇప్పుడు సీటు కూడా పోతే మళ్ళీ బట్టలకొట్టే. మళ్ళీ ఎవరూ ఏమీ అనని మనిషే.

మెట్ల మలుపులో గోడకి ఒక డబ్బా ఉంది. వీధిలోంచి వచ్చిన లైను అందులో రెండుగా చీలుతుంది. ఒకటి కిందికి, ఒకటి పైకి. ఒకే తల్లి పాలు తాగిన వైర్లు. మరి కింద ఎరుపూ పైన పచ్చా ఎలా? ఆమెకి ఒకటే జవాబు తోచింది: పైది లాగేసుకుంటోంది.

రూటర్ ఆపింది, పెట్టింది. వైరు మార్చింది. దుమ్ము ఊదింది. మూత తీసేసిన కంప్యూటర్ పెట్టెకి టేబుల్ ఫ్యాను తిప్పింది. అందరికీ చెప్పేవన్నీ తనకి తాను చెప్పుకుని చేసింది. లైటు ఎర్రగానే ఉంది. హెడ్‌సెట్ తీసి నడినెత్తి తడుముకుంది. దాని పట్టీ నొక్కి నొక్కి అక్కడ జుట్టు రాలి, బొటనవేలంత బోడి పడింది.

సరిగ్గా అప్పుడే చిన్నకోడలు డాబా మీదికి వెళ్ళడం కిటికీలోంచి కనిపించింది. జుట్టు తడితడిగా వీపునిండా పరుచుకుని ఉంది. ఆ జుట్టూ పచ్చచుక్కల్లాంటిదే, ఒక్కటీ రాలదు.

"చూశావా," అంది అత్త మంచం మీంచి. "అది డాబా మీద జుట్టారబెట్టుకుంటూ కూడా నిన్ను దాటేసింది. నువ్వేమో కుర్చీకి అతుక్కుపోయి కూడా వెనకే."

"అతుక్కోడానికి కుర్చీ అయినా మిగల్నీ అత్తయ్యా," అంది పెద్దకోడలు.

ఇక ఓపిక లేక, తన ఫోను తీసి, ఏ కంపెనీ తరఫున జనానికి జవాబు చెబుతోందో ఆ కంపెనీకే మామూలు మనిషిలా ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వాయించారు. ఆ తర్వాత గొంతు.

"నమస్కారం మేడమ్, మీ సమస్య చెప్పండి."

చిన్నకోడలు! పైన కుర్చీ కిర్రుమంది. అదే కిర్రు ఫోనులోనూ వినిపించింది.

"నెట్ రావట్లేదు."

"అర్థమైంది మేడమ్. లైటు ఏ రంగులో ఉంది?"

"నీకు తెలీదా ఏ రంగో?"

"క్షమించండి మేడమ్. లైటు ఏ రంగులో ఉందో చెప్పగలరా?"

"నా మొహం రంగులో ఉంది."

పైన కుర్చీ మళ్ళీ కిర్రుమంది. కంపెనీ రాసిచ్చిన మాటలు అయిపోయాయి కాబోలు. తర్వాత చిన్నకోడలు గొంతు తగ్గించి, మీ కాయితంలో ఎక్కడా లేని మాట అంది.

"మేడమ్... మీ డాబా మీద సిగ్నల్ బాగుంటుంది. ఒక్కసారి పైకెళ్ళి చూడండి. ఇప్పుడే వెళ్ళండి."

పెద్దకోడలి చెవులు వేడెక్కాయి. ఎండలో పడి చావమంటోందా! మేడమ్ అని పిలుస్తూ మరీ! కాల్ అయిపోగానే ఇంకో గొంతు, మనిషిది కానిది, మా సేవ బాగుంటే అయిదు, అస్సలు బాగోకపోతే ఒకటి నొక్కండి అంది. ఆమె ఒకటి నొక్కింది. నొక్కాక వేలు తీయబుద్ధి కాలేదు.

టీ పెట్టుకుని వచ్చేసరికి లైటు పచ్చబడింది. బోర్డులో చిన్నకోడలి పేరు లేదు. ఎర్రబడటం కాదు, అసలు లేనే లేదు. కింద చిన్న అక్షరాలు: రాసిచ్చింది కాక సొంత మాటలు చెప్పినందుకు, కస్టమర్ ఒకటి ఇచ్చినందుకు లాగిన్ నిలిపివేత. పెద్దకోడలి పేరు పైకెక్కి కూర్చుంది, ఎర్రచుక్కలతో సహా.

సంతోషం వస్తుందేమోనని చూసింది. దాచడమెందుకు, వచ్చింది. టీ సగం తాగేవరకూ ఉంది. ఆ తర్వాత పైన కుర్చీ చప్పుడు లేదని తోచింది. అడుగుల చప్పుడూ లేదు. కప్పు పెట్టేసి మెట్లెక్కింది.

డాబా పెనంలా కాలుతోంది. నీళ్ళట్యాంకు పైపుకి ఒక నల్లగొడుగు, పాత చీర అంచుతో కట్టి ఉంది. గొడుగు కింద స్టూలు. స్టూలు మీద సత్తుగిన్నె. గిన్నెలో తడిగుడ్డ చుట్టుకుని, చంటిపిల్లలా పడుకోబెట్టిన ఫోను. ఆ ఫోనులోంచి పొడుగాటి వైరు పిట్టగోడ దాటి, పై వాటా కిటికీలోంచి లోపలికి దిగుతోంది.

ఆమె ఆ వైరు వెంట చూపు పోనిచ్చి అలాగే నిలబడింది. పై వాటాలోనూ రూటర్ ఎర్రగానే ఉంటోందన్నమాట; చెడింది మెట్ల మలుపులో డబ్బాయే. ఫోను నెట్‌నే వైరుతో కంప్యూటర్‌కి పెట్టుకుంది; పచ్చచుక్కలన్నీ ఈ గిన్నెలోంచి వచ్చినవి. ఫోను వేడెక్కి ఆగిపోకుండా గొడుగు. కాల్‌కీ కాల్‌కీ మధ్య పరుగున వచ్చి గుడ్డ తడిపి, ఎండకి తట్టుకోలేక తన నెత్తి మీదా నాలుగు చెంబులు గుమ్మరించుకునేది. అదీ ఆ జుట్టారబెట్టుకోవడం.

వెనకాల చెప్పుల చప్పుడైంది. చిన్నకోడలు చేతిసంచితో వచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"ఇదేనే నువ్వు చూడమన్నది?"

"ఇదే అక్కా. రికార్డవుతుంటే ఇంకెలా చెప్పను?"

"ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెబుదామనే అనుకున్నా. సీటు ఒక్కటేనన్నారు. నాకూ ఆశే కదా." గుడ్డ మడతలోంచి ఫోను తీసి కొంగుతో తుడుచుకుంది. "ఇవాళ నీ గొంతు వింటే మనసొప్పలేదు."

పెద్దకోడలు గొడుగు కట్టిన చీర అంచు ముడి బిగించింది.

"రెండు నొక్కాల్సింది అక్కా," అంది చిన్నకోడలు, కూరలో ఉప్పెక్కువైందన్నంత మామూలుగా. "రెండు నొక్కితే హెచ్చరిక ఇచ్చి వదిలేస్తారు."

పెద్దకోడలు ఒకటి నొక్కిన వేలుని చూసుకుంది.

"పార్సిళ్ళు కట్టే గోడౌనులో మనుషులు కావాలంటున్నారు, పోతున్నా. నిలబడే పనట. గొడుగూ వైరూ ఉంచుతున్నా. నీ ఫోను పెట్టుకో. గుడ్డ మాత్రం ఆరనివ్వకు."

దిగి వెళ్ళిపోయింది. పెద్దకోడలు పిట్టగోడ పట్టుకుని చూసింది. వీధి మలుపుదాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదా పిల్ల. అప్పుడు కూడా అసూయే వేసింది. ఓడిపోయి కూడా అలా నడవడం ఎవరు నేర్పారే నీకు? అది నేను నేర్పలేదే.

వైరు కింది గదిదాకా అందదు. పనిచేసేవాళ్ళ మాట మీరు వినేది కంపెనీ కంప్యూటర్లోంచే. అందుకని కిందికి పరిగెత్తి, సూపర్వైజరుకి రాసింది: "ఒకటి నొక్కింది నేను. ఆమె తోడికోడల్ని. ఆమె చెప్పింది నిజం. ఆమెని తిరిగి తీసుకోండి." పంపింది. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. కిటికీ గట్టు మీద లైటు ఎర్రబడింది.

ఆ మాట మీకు చేరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివి ఊరుకోకండి. ఆ మెట్లు మీరే ఎక్కండి. ఆ మలుపులో డబ్బా విప్పి కొత్తది పెట్టండి. బోర్డు దించండి. చిన్నకోడలి సీటు చిన్నకోడలికివ్వండి, పెద్దకోడలిది పెద్దకోడలికే ఉంచండి. రేపు మాపు కాదు, ఇవాళే. ఎక్కినవాళ్ళు ఎలాగూ ఎక్కారు కాబట్టి ఇంకో నాలుగు మెట్లెక్కి డాబా కూడా చూడండి. ట్యాంకు పైపుకి కట్టిన నల్లగొడుగు అలాగే ఉంది, దాని నీడలో ఫోను లేని గిన్నె, గిన్నెలో ఫోను ఆకారానే ఎండి బిగుసుకుపోయిన గుడ్డ.