అచ్చియమ్మ పది కిలోమీటర్లు

అచ్చియమ్మ ఆ మిషను ఎక్కిన ప్రతిసారీ మంగరాజుకి నోట్లో తడారిపోయేది.

ఆవిడకి ఎనభై ఎనిమిది. మొగుడికి తొంభై దాటింది. మోకాళ్ల నెప్పులని ఆవిడ మూలుగుతుంటే చూడలేక మనవరాలు లావణ్య దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే. ఎవర్ని తిట్టుకుంటాడు? లావణ్య ఫిజియోథెరపీ చదివి, నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర మందుల షాపు మేడమీద రెండు గదులు అద్దెకి తీసుకుంది. వేడి కాపడాలూ కరెంటు పెట్టడాలూ అయ్యాక, ఒకరోజు అమ్మమ్మని మూలనున్న రోయింగ్ మిషను మీద కూర్చోబెట్టింది. వైజాగులో ఏదో జిమ్ము ఎత్తేస్తుంటే చవగ్గా కొన్నది. పొడుగాటి కమ్మీ మీద జారే సీటు, పాదాలు ఆనించడానికి రెండు పలకలు, ముందు గొలుసుకి తగిలించిన పిడి. కాళ్లతో తన్ని పిడి లాగితే సీటు వెనక్కి జారుతుంది, ముందున్న డబ్బాలో ఫేను గిర్రున తిరుగుతుంది. పడవలో కూర్చుని తెడ్డు వేసినట్టే, కింద నీళ్లుండవు, అంతే.

"ఓలమ్మా, ఇది నూతిలో నీల్లు తోడినట్టే ఉందే!" అంది అచ్చియమ్మ రెండు గుంజులు గుంజి. "బొక్కెన బరువు నేదు, నయం."

అలా మొదలైంది. ముందు మందు వేసుకున్నట్టు కాసేపే చేసేది. తరవాత లావణ్య చాలన్నా దిగేది కాదు. నెలలు గడిచేసరికి మోకాళ్ల నెప్పులు లొంగాయి, ఆకలి పుట్టింది, కూతురింట్లో మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కసాగింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఎక్కడో ఎవరో ముసలాళ్లు ఇలాగే గదిలో కూర్చుని కిలోమీటర్లకి కిలోమీటర్లు లాగేస్తున్న వీడియో ఒకటి లావణ్య చూపించింది. అచ్చియమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చూసింది.

"ఏవండీ, గొలుగొండ కాడ మా కన్నోరి ఊరు ఎంత దూరం ఉంటాది?"

"పది కిలోమీటర్లుంటాదేమో. ఏటి ఇప్పుడు?"

"ఏట్నేదు. పది లాగుతాను. ఏకబిగిన."

మంగరాజు ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

కిందటి నెలలోనే సింగన్న పోయాడు. ఈయన కన్నా పదేళ్లు చిన్నవాడు, చెరుకు తోటల్లో కలిసి పనిచేసినవాడు. టీకొట్టు బల్ల మీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఒరిగిపోయాడు. గ్లాసులో టీ ఇంకా వేడిగానే ఉంది. కూర్చుని టీ తాగేవాడికే దిక్కులేకపోతే, చెమటలు కక్కుకుంటూ గొలుసు గుంజే మనిషి మాటేమిటి?

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "ఒద్దని మీరొక్క మాట సెప్పండి బాబూ. నా మాటయితే ఇనదు. మీ మాటయితే ఇంటాది."

డాక్టరు పాత రిపోర్టులన్నీ తిరగేసి చూశాడు. "ఆవిడ గుండె బాగానే ఉందండీ. ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా ఆపేయమనండి. అంతే. ఏదీ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి," అని పట్టీ చుట్టి బీపీ చూశాడు. చూసి, మంగరాజుకే ఒక కొత్త మాత్ర రాశాడు.

మొదటిసారి ఆవిడ పదికి కూర్చున్నప్పుడు మంగరాజు ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఆవిడ ముక్కుపుటాలు చూశాడు, పెదాల రంగు చూశాడు, మెడ మీద నరం ఉబ్బితే చూశాడు. సగం దూరం దాటిందో లేదో అచ్చియమ్మ పిడి వదిలేసింది.

మంగరాజు దిగ్గున లేచాడు. "ఏటైంది? ఏటైందే?"

"నాకేటవుద్ది! మీ మొహం సూత్తుంటే నాను అప్పుడే పోయినట్టుంది. ఎలా లాగమంటారు?"



అందుకే రెండోసారి ఆయన్ని గదిలోకి రానివ్వలేదు. "కింద కూసోండి. అయ్యాక పిలుత్తాను," అని గుమ్మంలోనే ఆపేసింది. మంగరాజు దిగొచ్చి మందుల షాపు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. మేడ కిటికీ తెరిచే ఉంది. మిషను చప్పుడు కిందికి వినిపిస్తోంది. సర్రుమని లాగుడు, కాస్త ఆగి మళ్లీ సర్రు. ఆ చప్పుడు వింటున్నంతసేపూ ఫరవాలేదు. నాతవరం వెళ్లే షేరాటోలు హారన్లు కొడుతూ ముందుకొచ్చి నిలబడితే మాత్రం ఏమీ వినపడదు.  ఆటో కదిలాక మళ్లీ సర్రు వినపడితే, పట్టి ఉంచిన ఊపిరి వదిలేవాడు. చప్పుడు నెమ్మదించినట్టుందా? లేక తన చెవులే మందగించాయా? షాపు కుర్రాడు మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

ఒక ఆటో వెళ్లిపోయింది. మేడమీద నుంచి ఏ చప్పుడూ రాలేదు.

అయిపోయిందేమో, పిలుస్తుందిలే అనుకున్నాడు. పిలవలేదు. లావణ్య గొంతు మాత్రం హడావిడిగా వినపడింది, మాటలు తెలియలేదు. మంగరాజు లేచాడు. మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్లూ వేస్తూ ఎక్కాడు. ఇంత ఆలస్యంగా ఎక్కుతున్నందుకు తనని తనే తిట్టుకున్నాడు. 'నన్ను ముందు తీసుకెళ్లు సామీ, ముందు నన్ను,' అని లోపల ఒకటే మాట.

గుమ్మంలోంచి చూస్తే అచ్చియమ్మ సీటు మీదే ముందుకి వాలిపోయి ఉంది. తల మోకాళ్ల మీద. లావణ్య నేల మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఒసే అచ్చియమ్మా!"

ఆవిడ తలెత్తింది. మొహమంతా చెమట. "అరవకండి. పిక్క పట్టీసింది, అంతే."

మంగరాజు గోడ పట్టుకుని లోపలికొచ్చాడు.

"తొమ్మిది దాటింది తాతయ్యా," అంది లావణ్య. దాని మొహంలోనూ కంగారుంది. "నాడి బాగానే ఉంది. కానీ ఇక చాలు, దిగమంటే వినట్లేదు. నువ్వైనా చెప్పు."

 అచ్చియమ్మ ఆయన వైపు చూసింది. ఇన్నాళ్లూ ఆయన కోరుకున్నది ఆ ఒక్క మాటే. ఇప్పుడు చాలంటే ఆవిడ దిగుతుంది, ఆ సంగతి ఆవిడ చూపులోనే ఉంది. దిగాక ఇంకెప్పుడూ ఆ మిషను ఎక్కదని కూడా ఆయనకి తెలిసిపోయింది.

మంగరాజు మెల్లగా కిందికి వంగి, ఆవిడ పిక్క రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. రాయిలా గట్టిపడి ఉంది. బొటనవేళ్లతో పైనించి కిందికి రాశాడు. 

"ఆయాసంగా ఉందేటి?"

"నేదు."

"కల్లు తిరుగుతన్నాయా?"

"నేదండీ."

"అబద్దమాడితే సూడు మరి."

పిక్క కాస్త మెత్తబడింది. ఆయన లావణ్య భుజం పట్టుకుని లేచి, కుర్చీ ఈడ్చుకెళ్లి ఆవిడ వెనకాల వేసుకున్నాడు, తన మొహం కనపడకుండా. "లాగు. మెల్లిగా లాగు. బేగి ఎల్లాలని ఎవుడూ సెప్పలేదు."

చప్పుడు మళ్లీ మొదలైంది. వెనకనించి ఆయనకి తడిసిన జాకెట్టూ, వదులైపోయిన చిన్న జుట్టు ముడీ, ముందుకీ వెనక్కీ జారుతున్న వీపూ కనపడ్డాయి. ఆ వీపు ప్రతిసారీ తన దగ్గరికొచ్చి వెళ్తుంటే, పట్టుకుని ఆపేద్దామన్నంత భయం వేసింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మమ్మా, పది!" అని లావణ్య అరిచింది.

అచ్చియమ్మ ఇంకో రెండు గుంజులు గుంజి అప్పుడు వదిలింది.  ఊపిరి కుదురుకున్నాక, "మజ్జిగుందేటే?" అంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక మంచమెక్కి మొద్దునిద్ర పోయింది. మంగరాజు పక్కనే కూర్చున్నాడు. ఎంతకీ కదలదు. ఫేను చప్పుడులో ఊపిరి వినపడదు. కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక ముక్కు దగ్గర వేలు పెట్టాడు.

"ఉన్నానండీ," అంది అచ్చియమ్మ కళ్లు తెరవకుండానే. "పడుకోనియ్యండి."

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. కానీ అక్కణ్నించి లేవలేదు.