గాలిగదిలో నలభై నిమిషాలు

సూపు కోసం గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డ గ్వెనోలే నిలబడ్డట్టే కూలిపోయాడు. ముప్పై ఏళ్ళ మనిషి. తన ఊరి రేవులో ఆగిపోయిన పడవని పళ్ళతో ఒడ్డుకి లాగాడని పేరు. పడవ సంగతి నిజమో కాదో గాని, పళ్ళు మాత్రం అందుకు తగ్గట్టే ఉండేవి.

"నా కాళ్ళేవిరా?" అన్నాడు.

కాళ్ళు బూట్లతో సహా అక్కడే ఉన్నాయి. ఆ సంగతే వాడికి తెలియడం లేదు.

తోటి కూలీ మార్సియల్ వాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తాడు. నది కింద ఒత్తిడి గాలిలో పనిచేసేవాళ్ళు, తొందరగా పైకొస్తే పట్టుకునే ఈ జబ్బుకి ఒక్క మందే ఎరుగుదురు: మనిషిని మళ్ళీ ఆ ఒత్తిడి గాలిలోకి దించి, నెమ్మదిగా పైకి తేవాలి. గాలిగది తలుపుకి అడ్డంగా కాంట్రాక్టరు బోవిలార్ నిలబడి ఉన్నాడు. ఆ పొట్ట ఉండగా వేరే తలుపుతో పని లేదు, అదే సరిపోతుంది.

"పని చేసేవాడికే లోపలికి దారి. వీడు పని చేస్తాడా?"

"నిలబడలేకపోతున్నాడు సార్."

"అంటే చెయ్యడనేగా. తప్పతాగి పడ్డవాడి మీద నా గాలి తగలెయ్యమంటావా? తీసుకుపో."

నా గాలి, అన్నాడు. పారిస్‌లో గాలిని కూడా కాంట్రాక్టుకిచ్చేశారని మార్సియల్‌కి ఆ రోజే తెలిసింది. గ్వెనోలే కాళ్ళు మళ్ళీ లేవలేదు.

అసలు వీళ్ళు నది కింద తవ్వే మెట్రో రైలు దారి పుట్టుకే వంకర. కాగితం మీద మొదట బాణంలా తిన్నగా గీశారు. దారిలో నది ఒడ్డున పండితుల సభాభవనం ఒకటి అడ్డొచ్చింది. కింద రైలు నడిస్తే మా ఆలోచనలు కదిలిపోతాయని పండితులు గోల పెట్టారు. కదిలేటన్ని ఆలోచనలు అక్కడున్నాయా అని అడిగిన మొనగాడు లేడు. దారి పాములా మెలి తిరిగి, ఎక్కువ నీళ్ళున్న చోట నది కిందికి దూరింది. పండితుల కునుకు కోసం కూలివాడు సెయిన్ నది అడుగున బురద తవ్వాలి.

తవ్వే తీరు ఇది. మేడంత ఇనప పెట్టెని గంప బోర్లించినట్టు నదిలో దించుతారు. నీళ్ళు రాకుండా అందులోకి గాలి కూరుతారు. లోపల ఎంత గొప్పవాడైనా ఈల వెయ్యలేడు, గొంతు బాతు గొంతవుతుంది. బయటికొచ్చేటప్పుడు మెట్ల పైనున్న గాలిగదిలో కూర్చుంటే, కుళాయి తిప్పి ఒత్తిడి కొద్దికొద్దిగా వదులుతారు. నెమ్మదిగా వదిలితే మనిషి మనిషిలా వస్తాడు. తొందరపడితే, బిరడా లాగిన సీసాలా నెత్తురు నురగెత్తుతుంది. నలభై నిమిషాలని నగరం వారి ఒప్పందంలో రాసి ఉంది. బోవిలార్ పదితో సరిపెట్టేవాడు.

తప్పు బోవిలార్ ఒక్కడిదే అయితే కథ తేలిగ్గా ఉండేది. పది నిమిషాల్లో బయటపడి మొదటి వైను గ్లాసు పట్టుకున్నవాడే మగాడని నది కింది వాళ్ళ లెక్క. కూర్చుంటానన్న వాణ్ణి "ముసలమ్మా" అనేవాళ్ళు. ఆ రోజు గ్వెనోలే ఇంకాసేపు కూర్చుందామంటే, "అల్లిక సూదులు తెమ్మంటావా?" అని నవ్వినవాడు మార్సియలే.

సాయంత్రం లియోకాదీ సూపు కొట్టులో మార్సియల్ అదే ఒప్పుకున్నాడు. లియోకాదీ మొగుడు ఇంకో పెట్టెలో పనిచేసి పోయాడు.

"పొగరు మనది, లాభం వాడిది. రేపట్నుంచి నలభై నిమిషాలూ కూర్చుందాం."

"కూర్చుంటే గెంటేస్తాడు. మన పనికి రోజూ ఊళ్ళ నుంచి రైలు దిగేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు," అన్నాడొకడు.

"పెట్టెలో చేపల్లా నలభై నిమిషాలా? నావల్ల కాదు బాబూ," అన్నాడింకొకడు.

"కాదులే నాయనా. నా మొగుడూ ఇలాగే తొందరపడి బయటికొచ్చాడు. ఎక్కడికెళ్ళాడో నన్నడుగు," అంది లియోకాదీ.

అయినా మాట కుదరలేదు. గిన్నెలు కడిగి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

వాళ్ళకి బుద్ధి చెప్పింది మంత్రిగారు. ఈ గొప్ప నిర్మాణాన్ని కళ్ళారా చూస్తానని ఆరుగురు పెద్దమనుషులతో, ఆరు షాంపేను సీసాలతో దిగారు. పక్కన నిలబడడానికి శుభ్రంగా తోమిన కూలీలు నలుగురు కావాలి. అందులో మార్సియల్ ఒకడు. బురదలో పరిచిన చెక్క మీద నిలబడి మంత్రిగారు మానవ ప్రగతి మీద ఉపన్యాసం మొదలెట్టారు. బాతు గొంతుతో ప్రగతి "క్వాక్" అంది. సీసాలు విప్పితే బుడగ లేదు, పొంగు లేదు, చప్పిడి నీళ్ళు. అయినా ఉచితం కదా, పెద్దమనుషులు ఆరు సీసాలూ తాగేశారు.

తిరిగి గాలిగదిలోకి అందరూ ఎక్కారు. కుళాయి దగ్గర ముసలి అనిసె ఉన్నాడు. అడగవలసిన మాట మర్యాదగానే అడిగాడు.

"బోవిలార్ గారూ, పది నిమిషాలా, నలభయ్యా?"

"నలభై," అన్నాడు బోవిలార్, పళ్ళు బిగించి.

"పది ఏమిటి?" అన్నారు మంత్రిగారు.

"అది కాళ్ళు అక్కర్లేని వాళ్ళకి బాబయ్యా. మాకు రోజూ పదే," అన్నాడు అనిసె.

మంత్రిగారు తన కాళ్ళ వంక చూసుకున్నారు, కూలీల కాళ్ళ వంక చూడలేదు. ఒత్తిడి తగ్గేకొద్దీ కడుపుల్లో చచ్చిన షాంపేనుకి ప్రాణమొచ్చింది. పట్టు కోట్ల గుండీలు తుపాకి గుళ్ళలా ఎగిరాయి. ఒక పెద్దమనిషి తేన్పుకి గదిలో దీపం ఆరిందని అనిసె చచ్చేదాకా చెప్పాడు. కాని మార్సియల్‌కి నవ్వు రాలేదు. నలభై నిమిషాలు గడియారంలో ఉన్నాయి, గదిలో ఉన్నాయి, వీళ్ళకి ఉన్నాయి. గ్వెనోలేకి మాత్రం లేకపోయాయి.

మర్నాడు పొద్దున్న అనిసెని పనిలోంచి తీసేశారు. కుళాయి దగ్గర బోవిలార్ బావమరిది కూర్చున్నాడు. ఈసారి లియోకాదీ కొట్టు దాకా వెళ్ళే పని పడలేదు. పెట్టెలోకి దిగుతూ మెట్ల మీదే మార్సియల్ అడిగాడు, "దొరల కాళ్ళ పాటి చెయ్యవా మనవి?" పన్నెండుగురిలో ఒక్కడూ ముసలమ్మ అనలేదు.

మధ్యాహ్నం పని దిగి గాలిగదిలో చేరారు. బావమరిది కుళాయి బార్లా తిప్పబోతే మార్సియల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నెమ్మది బావగారూ. ఈ గదిలో తమరికీ కాళ్ళున్నాయి."

ఆ సంగతి వాడికి అంతవరకు ఎవరూ చెప్పలేదు. తెల్లబోయి కుళాయి వదిలేసి, మోకాళ్ళు రెండూ చేతులతో పట్టుకుని మూల కూర్చున్నాడు. మార్సియల్ కుళాయి కొద్దిగా తిప్పి పెట్టాడు, పన్నెండుగురూ కూర్చున్నారు.

పది నిమిషాలయింది, తలుపు తెరుచుకోలేదు. బోవిలార్ చేతికర్రతో ఇనుము మీద బాదాడు. తర్వాతి వంతు పనికి దిగవలసిన కూలీల్ని తలుపు తోసి తెరవమన్నాడు. వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మమ్మల్ని కూడా నలభై కూర్చోనిస్తేనే దిగుతాం," అన్నాడు ముందున్నవాడు. మొన్న చేపల మాట అన్నవాడు వీడే.

పోలీసు అధికారి పదిమంది పోలీసులతో వచ్చాడు. ఆ తలుపు లోపలికి తెరుచుకునే తలుపు, లోపలి గాలి దాన్ని పట్టుకుని ఉంది. పదిమందీ భుజాలానించి తోశారు. పది ఏనుగులైనా అంతే. ఏ గాలిని నాదన్నాడో ఆ గాలే బోవిలార్‌ని వాకిట్లో నిలబెట్టింది.

"చట్టం పేరిట తెరవండి," అని అరిచాడు అధికారి.

"ఇంకా ఇరవై రెండు నిమిషాలున్నాయి సార్," అని లోపల్నుంచి జవాబొచ్చింది. "ఒప్పందంలో ఉంది, చదువుకోండి."

చట్టం అరిచింది, గాలి నిదానంగా బుసకొట్టింది. నలభయ్యో నిమిషాన తలుపు వేలితో తోస్తే తెరుచుకుంది. పన్నెండుగురూ నిటారుగా బయటికొచ్చారు. వెనకాలే బావమరిది, తన కాళ్ళు తడుముకుంటూ.

బయట ఠాణాకి తీసుకుపోయే గుర్రపు బండి సిద్ధంగా ఉంది. "ఎక్కండి," అన్నాడు అధికారి.

"బండెందుకండీ," అన్నాడు మార్సియల్. "నడిచే వస్తాం."

నదిగట్టు పొడవునా పన్నెండుగురూ నడిచారు. పక్కన పోలీసులు, వెనక ఖాళీ బండి. ఇంకా వెనక చేతిబండిలో గ్వెనోలే, దాన్ని తోస్తూ లియోకాదీ. కిందనున్న మిగతా పెట్టెల్లోంచి, గట్టు మీది పని చోట్ల నుంచి కూలీలు ఒక్కొక్కరే వచ్చి కలుస్తున్నారు. వంతెన దాటేసరికి పోలీసులెక్కడున్నారో వెతుక్కోవలసి వచ్చింది.

అటు గాలిగది దగ్గర రెండో వంతు కూలీలు లోపలికెక్కారు. తలుపు వేసుకునే ముందు ఆ చేపలవాడు తల బయటికి పెట్టి బోవిలార్‌ని పిలిచాడు.

"సార్, కుళాయికి అనిసెని పిలిపించండి. ఆయనొచ్చేదాకా పనికి దిగం, ఇక్కడే కూర్చుంటాం. మాకేం తొందర లేదు."