జీపులో మాత్రమే మాట్లాడే మాటలు

ఢిల్లీ మొత్తం మీద పాపయ్య జీపు ఎక్కలేని ఎత్తు లేదు, దాటలేని గుంట లేదు. యమున ఒడ్డు బురదలో కూరుకుపోయిన ఏనుగును తాడు కట్టి బయటికి లాగిన జీపు అది. నమ్మనివాళ్ళు మయూర్ విహార్‌లో ఆయన ఇంటికి వచ్చి, వెనక సీటు కింద చుట్టపెట్టి ఉన్న ఆ తాడును చూసుకోవచ్చు.

అంతటి జీపును ఆ జూన్ ఆదివారం సాయంత్రం అమ్మేయబోతున్నారు. అమ్మడానికి ఒప్పుకున్నది పాపయ్యే. ఒప్పుకున్నప్పుడు ఆ సంగతి ఆయనకే తెలియదు, అదీ తమాషా.

పాపయ్య ఫిరంగి దళంలో సుబేదారుగా చేసి దిగిపోయిన మనిషి. విజయనగరం పక్క పల్లెలో పుట్టి, దేశం నాలుగు సరిహద్దుల్లోనూ ఫిరంగులు పేల్చి, కూతురు ఉమ కాపురం ఊరి పక్కనే వైశాలిలో గనక ఢిల్లీలోనే స్థిరపడ్డాడు. సైన్యం వేలానికి పెట్టిన జీపుల్లో ఒకటి ఏరి తెచ్చుకున్నాడు. దానికి అద్దాల్లేవు, తలుపుల్లేవు, పైన గుడ్డ కప్పు. మే నెల వడగాలీ, జనవరి చలీ దానిలోకి సొంత ఇంట్లోకి వచ్చినట్టు వచ్చిపోతుంటాయి.

అల్లుడు మల్లికార్జున నోయిడాలో కంప్యూటర్ల కంపెనీలో చేస్తాడు. గుంటూరు కుర్రాడు, మెత్తని మనిషి, మాట అంతకంటే మెత్తన. ఈ మధ్యే కొత్త బండి కొన్నాడు. అదీ కొండలెక్కే రకమేగాని, లోపల కూర్చుంటే పెళ్ళివారి విడిదిలో ఉన్నట్టుంటుంది. అంతకుముందు ఆదివారం భోజనాల దగ్గర ఏదో చెప్పాడు. పాపయ్య అతని పెదవులకేసి కాసేపు చూసి, "అచ్ఛా, బాగుంది" అన్నాడు.

మర్నాడు కూరగాయలకు వెళుతుంటే భార్య కమలాకుమారి జీపులో వెనకనుంచి అరిచింది.

"ఏటండీ, జీపు అమ్మేయడానికి ఒప్పేసుకున్నారేటి?"

"ఎవరూ?"

"మీరే! అల్లుడు బండి మనకిచ్చేసి తను ఆఫీసు బస్సులో పోతాడట. ఘాజియాబాద్ చౌదరి ఎవడో ఆదివారం వొచ్చి దీన్ని పట్టుకుపోతాడట. బాగుంది అన్నారు కదా!"

పాపయ్యకు బ్రేకు మీద కాలు బరువెక్కింది. ఫిరంగుల పక్కన నిలబడ్డ చెవులు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ళ పెదవులు, కళ్ళు, చేతులు చూసి మాట కూడబలుక్కోవడం పొద్దుటినుంచి రాత్రిదాకా మూటలు మోసినంత పని. అలసిపోయినప్పుడల్లా ఒక "అచ్ఛా" పడేసి, కాసేపు మూట దించుకుంటాడు. ఈసారి ఆ అచ్ఛా జీపు మీద పడింది. ఇప్పుడు వద్దంటే ఎందుకొద్దో చెప్పాలి.

పాత జీపే ఎందుకని అడిగినవాళ్ళకు ఆయన ఇన్నాళ్ళూ రకరకాల కారణాలు చెప్పాడు. దీని రేకు మందం అన్నాడు. దీంట్లో తీగలు తక్కువ, సుత్తి ఒకటుంటే చాలన్నాడు. ఏనుగు కథ చెప్పాడు. అవన్నీ నిజమే, ఏనుగు తప్ప. దిగబడింది జీపు, వెనకనుంచి తోసింది ఏనుగు. మావటి నవ్వుకుంటూ బీడీ అడిగి పుచ్చుకున్నాడు.

అసలు కారణం వేరు. ఆ జీపు ఆయనకు చెవి. గేరు కడ్డీ మీద చెయ్యి వేస్తే ఇంజను ఏమంటోందో అరచేతికి తెలుస్తుంది. రెండో గేరయితే మోచేతిదాకా పాకుతుంది, మూడో గేరయితే చేతిలో తేనెటీగ పట్టుకున్నట్టుంటుంది. పైగా ఆ రొదలో ఎవరి చెవులూ పనిచెయ్యవు. ఎంత మెత్తని మనిషయినా గొంతు చించుకోవలసిందే. ఊళ్ళో మిగతా చోట్లన్నీ ఆయనొక్కడే చెవిటివాడు. జీపులో అందరూ చెవిటివాళ్ళే.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఎండలో మల్లికార్జున కొత్త బండిని గేటు దగ్గర ఆపి, ఏసీ ఆగిపోకుండా ఇంజను అలాగే ఉంచి దిగాడు. చేత్తో సీటు చూపించాడు. పాపయ్య ఎక్కాడు. తలుపు మూసుకుంది. లోకం ఆగిపోయింది. స్టీరింగు చల్లగా, కదలకుండా, చచ్చిన చేపలా ఉంది. గేరు కడ్డీ పట్టుకున్నాడు, అదీ ఏమీ అనలేదు. సరే, స్టార్టు చేద్దామని తాళం తిప్పాడు.

ఏమీ తెలియలేదు. ఇంకాస్త గట్టిగా తిప్పి పట్టుకున్నాడు.

అప్పుడు ముందు అద్దంలోంచి, గేటు దగ్గర నిలబడ్డ ఉమ కనిపించింది. రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. పైన బాల్కనీలో ఎవరో ఆంటీ ఉతికిన బట్టలు వదిలేసి కిందికి వంగి చూస్తోంది. మల్లికార్జున పరుగున వచ్చి తలుపు తీశాడు. నడుస్తున్న ఇంజను మీద మళ్ళీ తాళం తిప్పితే పళ్ళ చక్రాలు పెట్టే కేక మూడో అంతస్తుదాకా వినిపిస్తుంది. వినిపించనిది పాపయ్యొక్కడికే.

మల్లికార్జున కోప్పడలేదు. దగ్గరికి వంగి ఏదో అడిగాడు.

"అచ్ఛా, బాగుంది" అన్నాడు పాపయ్య.

అతను అడిగింది, "మావయ్యగారూ, మీకు వినపడలేదా?" అని.

ఉమ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని దింపింది. జీపు దగ్గరికి తీసుకెళ్ళి తను ముందు సీట్లో కూర్చుంది. కమలాకుమారి ఏమీ అడక్కుండా నడుం పట్టుకుని వెనక ఎక్కింది. పాపయ్య స్టార్టు చేశాడు. మల్లికార్జున కొత్త బండిలో వెనకాలే వచ్చాడు.

నిజాముద్దీన్ వంతెన ఎక్కాక ఉమ అరిచింది.

"ఎప్పట్నించి నాన్నా?"

"ఏటి?"

"చెవులు! ఎప్పట్నించి?"

"నీ పెళ్ళికి ముందునించే!"

"హే భగవాన్! అమ్మకి తెలుసా?"

"తెల్దు! చెప్పీకు!"

"తెలుసు!" అని వెనకనుంచి కేక వచ్చింది. "ఇంటి సంగతులన్నీ ఈ డొక్కులోనే ఎందుకు మాటాడతాననుకున్నారు? నా నడుం ఇరగ్గొట్టుకోడానికి సరదా ఏటి నాకు? కూరలకి రోజూ ఎందుకు పోదామంటాను? మనింట్లో అన్ని కూరలు తినేదెవరు?"

పాపయ్య రోడ్డుకేసే చూస్తూ నడిపాడు. అరచేతిలో మూడో గేరు తేనెటీగలా కొట్టుకుంటోంది.

"చౌదరికి నేను ఫోన్ చేస్తా! జీపు ఇవ్వడం లేదని!" అంది ఉమ.

"అచ్ఛా!" అన్నాడు. ఈసారి విని అన్నాడు.

"కానీ రేపు చెవుల డాక్టరు దగ్గరికి! పక్కా!"

"ఏటి? ఇనబడ్డం లేదు!"

"ఇనబడింది!" అంది వెనక సీటు.

వంతెన దిగి, తిరిగి ఎక్కి, ఎక్కడా ఆగకుండా జీపు ఇల్లు చేరింది.

ఇక్కడ ఈ కథ చెబుతున్నవాడు ఒకటి ఒప్పుకోవాలి. ఏనుగు సంగతి ముందే సర్దుకున్నాం గనక దాన్ని వదిలెయ్యండి. ఎక్కడా ఆగకుండా అన్నది మాత్రం కల్పన. తిరుగు దారిలో వంతెన నడిమధ్యన జీపు దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. మల్లికార్జున ఆ ఏనుగు తాడు తీసి తన కొత్త బండికి కట్టుకుని, మయూర్ విహార్ దాకా మెల్లగా లాక్కొచ్చాడు. ఇంజను చప్పుడు లేదు, రొద లేదు. అయినా తాడు మీద వస్తున్న ఆ జీపులో ముగ్గురూ గొంతులు చించుకుని అరుచుకుంటూనే ఉన్నారు.