నాలుగు వేళ్ళ చెక్క

కొలత తాత చెప్పే చేపలు నీళ్ళలో పట్టేవి కావు. ఒక చేప ఆయన పడవ తాడు నోట కరుచుకుని సరస్సు చుట్టూ మూడుసార్లు తిప్పి, చివరికి దానికే విసుగొచ్చి ఒడ్డున దించి పోయిందట. ఇంకో చేప కడుపులో ఆయన ఏనాడో పోగొట్టుకున్న చెప్పు దొరికితే, రెండోది కూడా దొరుకుతుందేమోనని మర్నాడు అక్కడే వల వేశాడట. తన చిన్నతనంలో చెయ్యి పొడుగు చేపలు రోజూ పడేవట. వేలం షెడ్డు అరుగు మీద కూర్చుని ఆయన ఇవి మొదలుపెడితే ఐసు పగలగొట్టేవాళ్ళు సుత్తులు కింద పెట్టి వినేవారు. ఆ చేప బరువెంత తాతా అని ఎవరైనా అడిగితే, తక్కెడ ఎక్కించామనీ, అది తక్కెడనే మింగేసిందనీ తడుముకోకుండా చెప్పేవాడు.

నోటికి ఎన్ని కోతలు అలవాటైనా ఆ చేతికి మాత్రం వంకర లేదని ఊళ్ళో అందరి నమ్మకం. ఎందుకంటే నాలుగు వేళ్ళ చెక్క ఉండేది ఆ చేతిలోనే.

అది అరచేయంత చెక్కముక్క. వల అల్లేటప్పుడు దారాన్ని దాని చుట్టూ తిప్పి ముడి వేస్తారు. చెక్క ఎంత వెడల్పుంటే వల కన్ను అంత వస్తుంది. తాత తండ్రి దాన్ని సరిగ్గా నాలుగు వేళ్ళ వెడల్పున కోసి, ఆ వెడల్పంతా ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక చేప బొమ్మ చెక్కి, ఈ చెక్క దూరని వల ఈ నీళ్ళలో పడకూడదని కట్టడి చేశాడు. చిన్న చేప జారిపోవాలి, పెరగాలి, పిల్లల్ని పెట్టాలి, ఆ తర్వాతే మనుషుల గిన్నెలోకి రావాలి. అప్పుడు ఒడ్డున పన్నెండు పడవలు. తండ్రి పోయాక చెక్క కొడుక్కి వచ్చింది, చెక్కతో పాటు కొలత అన్న పేరూ వచ్చింది. ఇప్పుడు నూట నలభై పడవలు. ఎవరు కొత్త వల మొదలుపెట్టినా తాత ఇంటికొచ్చి ఆ చెక్క పక్కన తమ చెక్క పెట్టి గీత గీసుకోవాలి. ఏటా ఒకసారి అందరూ వలలు తెచ్చి షెడ్డులో పరిస్తే, తాత వరసగా నడుస్తూ వల కళ్ళలో చెక్క దూర్చి చూసేవాడు. దూరితే తల ఊపేవాడు. ఆ తల ఊపుకు ఎదురు లేదు.

నాలుగేళ్ళుగా నీళ్ళలో చేప తగ్గుతూ వచ్చింది. పడ్డవి కూడా వేలెడంత. వాటిని మనుషులు కొనరు. కోళ్ళ దాణా మిల్లు లారీ వచ్చి ఎత్తుకుపోయేది. ఒకప్పుడు వారానికోసారి వచ్చే లారీ ఇప్పుడు రోజుకు మూడుసార్లు వచ్చి, సగం ఖాళీగా తిరిగి వెళుతూ హారన్ కొట్టి మరీ తిట్టిపోయేది. పట్నంలో జనం పెరిగారు, వాళ్ళు తినే కోళ్ళు వాళ్ళకంటే పెరిగాయి, కోళ్ళు తినే చేపలు మాత్రం పెరగలేదు. ఊళ్ళో ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. ఎవడో దొంగ వల వేస్తున్నాడు, వాణ్ణి పట్టుకుంటే చేప తిరిగొస్తుంది, అంతే. సంఘం ప్రెసిడెంటు ఏటా జరిగే కొలత దాకా ఆగకుండా అందరి వలలూ ఒకే రోజు కొలవాలన్నాడు. దొరికినవాడి వల అక్కడే కాల్చాలి, వాడు ఏడాది పాటు నీళ్ళలో దిగకూడదు. మంట కూడా ముందే వేయించి పెట్టాడు, దొంగ మీద అంత నమ్మకం ఆయనకు.

ఆ రోజు పొద్దున్న నూట ముప్పై తొమ్మిది వలల్లో చెక్క దూరింది. తాత నూట ముప్పై తొమ్మిది సార్లు తల ఊపాడు. మిగిలింది ఎడంచేతివాడి వల.

ఎడంచేతివాడు అందరికీ తెలిసినవాడే. ఐదుగురు పిల్లలు, మోటారు లేని పడవ, అందరూ కుడివైపు వల విసిరితే ఎడమవైపు విసిరి పక్క పడవల తిట్లు తినే మనిషి. వాడి వల అంచున జానెడు అతుకు ఉంది. చిరిగినచోట అల్లడానికి దారం లేక బజారులో దొరికిన సన్నకన్ను ముక్క తెచ్చి కుట్టాడు. తాత చెక్క అక్కడ దూరలేదు.

జనం ఊపిరి పీల్చుకున్నారు. నాలుగేళ్ళుగా వెతుకుతున్న దొంగ దొరికాడు. జానెడు అతుకులోంచి సరస్సు మొత్తం ఖాళీ అవుతుందా అని ఎడంచేతివాడు అడిగిన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. వాడి పెళ్ళాం చంకలో పిల్లను మార్చుకుంటూ ప్రెసిడెంటు మొహం వంకే చూస్తోంది. ఇద్దరు కుర్రవాళ్ళు వలను మంట దగ్గరికి లాగారు.

అప్పుడు వాడి తల్లి లేచింది. కళ్ళలో పొరలు కమ్మిన ముసలమ్మ. తాత ఈడుదే; తాత తండ్రి అరుగు మీద ఇద్దరూ చిన్నప్పుడు పక్కపక్కన కూర్చుని వల అల్లడం నేర్చుకున్నారు. ఆమె గట్టిగా ఏమీ అనలేదు. ఆ వల కాల్చేస్తే కాల్చెయ్యండి, తప్పు తప్పే, కానీ వాణ్ణి నీళ్ళ నుంచి వెళ్ళగొట్టకండి, రేపటి నుంచి నా పాత వల వేసుకుంటాడు, అది చెక్క కోసిన పెద్దాయన బతికుండగా ఆయన ఎదుట అల్లింది అని చెప్పి, మనవరాల్ని పంపి దాన్ని తెప్పించింది. కోళ్ళు పడకుండా కూరమడి మీద కప్పిన వల అది. ఇంకా ఆకులు చిక్కుకునే ఉన్నాయి.

ప్రెసిడెంటు మాట పోకూడదని దాన్నీ కొలవమన్నాడు. తాత చెక్క దూర్చాడు. చెక్క కంట్లో నిలవలేదు, జారి నేల మీద పడింది. ఇంకో కంట్లో పెట్టాడు. అక్కడా జారింది. పక్కన కంత బొటనవేలు పట్టేంత ఉంది.

షెడ్డులో మాటలు ఆగిపోయాయి. తాత నోరు మాత్రం ఆగలేదు, దానికి ఆగడం అలవాటు లేదు.

"పాత దారం సాగుద్దిరా. యాభై ఏళ్ళు ఎండలో పడుంటే నువ్వూ సాగుతావు" అన్నాడు.

నవ్వులు లేచాయి. అవునవును, పాత దారం అని తలలూపారు. ప్రెసిడెంటు మంట వైపు చెయ్యి చూపించాడు. ఎడంచేతివాడి పెళ్ళాం ఇక ప్రెసిడెంటును చూడడం మానేసి తాతను చూసింది. ఆ చూపులో కోపం లేదు. తాత చెప్పాడు కాబట్టి నిజమే అయివుంటుందన్న చూపు. తాతకు అది నషాళానికి అంటింది.

పాత దారం సాగదని ఆ షెడ్డులో తెలిసిన మొదటి మనిషి ఆయనే.

చెక్క సన్నమవడం మూడో కొడుకు పుట్టిన ఏడు మొదలైంది. దారం రాసుకుని రాసుకుని అంచు గరుకెక్కితే గాజుపెంకుతో గీకి నున్నన చేశాడు. ఆ ఏడు అల్లిన వలలో రెండు బుట్టలు ఎక్కువ పడ్డాయి. ఇంట్లో అందరూ నవ్వు మొహాలతో తిరిగారు. మరుసటేడు అంచు గరుకెక్కకపోయినా గరుకెక్కినట్టే అనిపించింది. చివరికి ఇంట్లో నలుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు ముప్పై ఒక్కమంది. పేరు పేరునా పిలిచి కూర్చోబెట్టేసరికి మొదటివాడికి మళ్ళీ ఆకలేసేది. పుట్టిన ప్రాణానికి పొట్ట ఉండడం న్యాయమే. కానీ ఆ ఇంట్లో గోడలక్కూడా ఆకలి పుట్టింది. గదికో టీవీ కావాలన్నారు. ఒక ఫ్రిజ్ నిండిపోయిందని రెండోది, పడవకు మోటారు, ఆ మోటారు చిన్నదైందని ఇంకో మోటారు, మనిషికో బండి. ప్రతి కోరికకీ తాత దగ్గర ఒక గాజుపెంకు ఉండేది. నున్న చేస్తున్నాను అనుకునేవాడు. తనతో తాను మాట్లాడుకునేటప్పుడు కూడా గీకుతున్నాను అన్న మాట వాడలేదు. ఊరంతా నిజాయితీగా ఆ చెక్క చూసే గీత గీసుకున్నారు. నూట నలభై పడవలూ కట్టడి దాటకుండా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, నీళ్ళను ఊడ్చేశాయి. పేరు మాత్రం నాలుగు వేళ్ళ చెక్కే. దాని మీద వేళ్ళు పెట్టి చూసినవాడు ఇన్నేళ్ళలో ఒక్కడూ లేడు.

ముసలమ్మ చెయ్యి చాపింది.

"అన్నా, అదొకసారి ఇటియ్యి."

ఇవ్వకపోవడానికి కారణం దొరకలేదు. ఆమె కూర్చుని చెక్కను ఒళ్ళో పెట్టుకుని నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి దాని మీద ఆనించింది. చిటికెనవేలు బయట ఉండిపోయింది. చెయ్యి సర్ది మళ్ళీ పెట్టింది. మళ్ళీ బయటే. ఆమె ఆ వేలిని రెండో చేత్తో కాసేపు నిమిరింది. తర్వాత చెక్క తిరిగిచ్చేసి, ఆయనకు మాత్రమే వినపడేలా అంది:

"ముసలితనానికి నా వేళ్ళు లావెక్కాయి లే అన్నా."

ఎముకకు చర్మం అంటుకున్న వేళ్ళవి. చిన్నప్పుడు తన ముడి వదులైతే తండ్రి చూడకముందే ఆ వేళ్ళే లాగి బిగించేవి. ఇప్పుడు కొడుకు బతుకు మంటలో పడబోతుంటే కూడా ఆయన తప్పు మీద గుడ్డ కప్పుతున్నాయి. వల అంచుకు మంట అంటుకుని కమురు వాసన వచ్చింది.

"ఆపండ్రా. దాని వేళ్ళు లావెక్కలేదు. చెక్క సన్నబడింది. నేనే గీకాను" అన్నాడు.

షెడ్డంతా గొల్లున నవ్వింది.

అది ఆయన అనుకోని దెబ్బ. ఇంతకాలం నవ్వించిన నోరు కదా, నిజం చెప్పినా అందరూ కథ కోసం సర్దుకుని కూర్చున్నారు. గీకిన పొట్టు ఏం చేశావు తాతా, చేపకు మేతేశావా అని ఐసువాడు అడిగాడు. తాత మళ్ళీ చెప్పాడు. మళ్ళీ నవ్వారు. మూడోసారి ఆయన చెప్పలేదు. చెక్కను అరుగు మీద పెట్టి, మంటలోంచి చల్లారిన బొగ్గు ఏరి, చెక్క మీది చేప బొమ్మకు రెండు వైపులా గచ్చు మీద గీత గీయసాగాడు. బొమ్మలో చేపకు ముక్కు లేదు, తోక లేదు. అది అలాంటి బొమ్మే అనుకునేవారు అందరూ. తాత ఇటు ముక్కు గీశాడు, అటు తోక గీశాడు. చేప నిండుగా తయారైంది. అందులో ముప్పాతిక చెక్క మీద ఉంది, మిగతాది గచ్చు మీద.

నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ పోయింది. ఎడంచేతివాడు ఒంగి చూసి, వెళ్ళి తన వలను మంటలోంచి లాగి కాలితో తొక్కి ఆర్పుకున్నాడు. ఎవరూ అడ్డుకోలేదు.

నూట నలభై పడవల్లో ప్రెసిడెంటువే పద్నాలుగు, పడవకో వల. ఆయన గచ్చు మీద బొమ్మనూ వలల గుట్టనూ మార్చి మార్చి చూశాడు. చివరికి చాలా మర్యాదగా, పెద్దవాడివి, పొద్దున్నుంచీ నిలబడ్డావు, ఇంటికెళ్ళి పడుకో అన్నాడు. ఎడంచేతివాడి విషయం ఇక ఎత్తలేదు. అందరూ హడావుడిగా తమ తమ వలలు చుట్టుకున్నారు. తాతను తిట్టినవాడు కూడా లేడు. తిడతారేమోనని ఆయన ఎదురు చూశాడు, ఆ కాస్త ఉపకారం కూడా ఎవరూ చెయ్యలేదు. గచ్చు మీద ముక్కునీ తోకనీ ఎవరి కాలో చెరిపేసింది.

పెద్దకొడుకు వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పకపోతే ఏమైంది నాన్నా? మేం తల ఎక్కడ పెట్టుకోవాలి?"

ఇంటికి వెళ్ళేదాకా, కోడళ్ళు గదుల్లో తలుపులు వేసుకునేదాకా చెక్క ఆయన చేతిలోనే ఉంది. పొయ్యిలో పడేస్తే పోతుందనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే కొత్త చెక్క పలక ఒకటి చంకన పెట్టుకుని ముసలమ్మ పెరట్లోకి వెళ్ళాడు. ఆమె కొడుకు పాత వల తీసుకుని అప్పటికే నీళ్ళలోకి వెళ్ళాడు. వల లేని కూరమడిలో కోళ్ళు పడి తింటున్నాయి. తాత వాటిని తోలి, పలక ఆమె ముందు పెట్టి, వేళ్ళు పెట్టమన్నాడు. ఆమె నాలుగు వేళ్ళూ పెట్టింది. ఆయన బొగ్గుతో గీత గీస్తే వంకర పోయింది. ఆమె పలకను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, మళ్ళీ గియ్యమంది. రెండోసారీ వంకర పోయింది. చివరికి బొగ్గు ఆమే తీసుకుని, తడుముకుంటూ తన వేళ్ళ పక్కన తనే గీసుకుంది.

ఆ పాత వలలో మూడు రోజులు ఏమీ పడలేదు. నాలుగో రోజు తాత కొత్త చెక్కతో ఒడ్డున కూర్చుని తన ఇంటికి మొదటి వల అల్లుతున్నాడు. కొడుకులు అడగని వల అది, తీసుకుంటారో లేదో తెలియదు. దారిన పోయేవాళ్ళు ఆ వల కళ్ళు చూసి, ఏం తాతా, ఏనుగులు పడతావా అని ఎగతాళి చేశారు. ఇలాంటి మాటకు ఆయన దగ్గర గంట సేపు సాగే జవాబు ఉండాలి. ఆయన చెక్క చుట్టూ ఇంకో ముడి వేశాడు.

తన మనవరాలి కూతురు పక్కన చతికిలబడి కథ చెప్పమంది. చెప్పు మింగిన చేప వద్దు, పడవ లాగిన చేప వద్దు, అన్నిటికంటే పెద్ద అబద్ధం, ఆ చెయ్యి పొడుగు చేప కావాలంది. తాత సూది ఆపాడు. మోచేతి నుంచి వేళ్ళ చివరిదాకా చూపించాడు. ఇంత ఉండేవి, రోజూ పడేవి అన్నాడు.

పిల్ల పడీ పడీ నవ్వింది. ఆయన చెప్పిన వాటిలో నిజంగా చూసినది అదొక్కటే. ఆ పిల్ల నవ్వుతున్నంతసేపూ చెయ్యి అలాగే పట్టుకుని ఉన్నాడు.