నలుపు కింద సొట్ట

మంగళవారం ఉదయం పది గంటల ప్రాంతంలో నా మీద నల్ల స్టిక్కర్ అతికించారు. అతికించింది సత్తిపండు, కారు సొంతదారుకి బామ్మర్ది. బావ ఆ సమయానికి ఊళ్ళో లేడు.

నేను ఒక క్రోమ్ పట్టీని. కారులో స్టీరింగ్ ఉన్న వైపు ముందు తలుపుకి, అద్దం కిందికి దిగే చోట, అంచు వెంబడి ఉంటాను. పొడవు గజానికి కాస్త తక్కువ, వెడల్పు బొటనవేలంత. నా వల్ల కారు నడవదు, నా వల్ల ఆగదు. వాన నీళ్ళు లోపలికి పోకుండా చూసేది నా కింద ఉన్న రబ్బరు. కారు కొనేవాళ్ళు మాత్రం రబ్బరు సంగతి అడగరు. నన్ను వేలితో రాసి చూసి, బాగుంది అంటారు.

శ్రీపెరంబుదూరుకి అవతల ఒక షెడ్డులో పుట్టాను. రేకు చుట్టలోంచి కోశారు, అంచులు మడిచారు, నికెల్ తొట్టిలో ముంచారు, ఆ తర్వాత క్రోమ్ తొట్టిలో ముంచారు. నా మెరుపు మందం తలవెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. మిగతాదంతా మామూలు రేకే. చివర్లో ఒక అమ్మాయి నన్ను గుడ్డతో తుడిచింది. నాలో చూసుకుంటూ జడలో పిన్ను సర్దుకుంది. పాసైనట్టు చీటీ అంటించి పంపేసింది. ఆ రోజు నుంచి నాలో చూసుకున్నవాళ్ళు చాలామంది. తల దువ్వుకున్నారు, పళ్ళలో ఇరుక్కున్నది తీసుకున్నారు, కండువా సర్దుకున్నారు. నన్ను చూసినవాళ్ళు తక్కువ.

కారును మొదట కొన్నది భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ముదునూరి నరసింహరాజు గారు. ఆయనకు కోపం ఎక్కువని, తగ్గాలంటే పగడం ఉంగరం పెట్టుకోవాలని జ్యోతిష్కుడు చెప్పాడు. రాజుగారు పెట్టుకున్నారు. రైలు గేటు పడినప్పుడల్లా మోచెయ్యి కిటికీలోంచి బయట పెట్టి, ఆ ఉంగరంతో నన్ను కొట్టేవారు. ఆ దారిలో గేటు తరచుగా పడుతుంది. కోపం తగ్గిందో లేదో నాకు తెలియదు. నా మీద కందిగింజంత సొట్ట పడింది.

తర్వాత ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర రెండు పెళ్ళి సీజన్లు పనిచేశాను. బంతిపూల దండలు నా మీద టేపుతో అంటించేవారు. పెళ్ళయ్యాక పూలు పీకేవారు, టేపు వదిలేసేవారు. ఆ జిగురు మీద దుమ్ము చేరి, రెండో సీజన్ అయ్యేసరికి నేను మెరవడం తగ్గించాను. కారును అమ్మకానికి పెట్టారు. పాలకొల్లులో డ్రైవింగ్ స్కూల్ నడిపే గుబ్బల వీరభద్రం కొన్నాడు. కిరసనాయిల్ గుడ్డతో జిగురు తుడుస్తుండగా ఆయన వేలికి సొట్ట తగిలింది. సొట్ట ఉన్నందుకు ఆయన బేరమాడలేదు. సంతోషించాడు.

ఎందుకో చెప్పాలి. టెస్ట్ గ్రౌండులో గెడలు పాతి ఉంటాయి. వాటి మధ్య కారును ముందుకి తీసుకెళ్ళాలి, మళ్ళీ వాటి మధ్యనుంచే వెనక్కి తీసుకురావాలి. గెడకు కారు తగిలితే ఫెయిల్. ముందుకి అందరూ వెళ్తారు. వెనక్కి రావడమే కష్టం. స్టీరింగ్ ఎప్పుడు తిప్పాలో తెలియదు. వీరభద్రం దానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. కుడి పక్కకి చూడండి, తలుపు మీద సొట్ట కనపడుతుంది, గెడ సొట్టకి ఎదురుగా వచ్చిందా, కుడికి ఫుల్ కట్ కొట్టెయ్యండి. ఇంతే పాఠం. అద్దాలు చూడొద్దనేవాడు. అద్దం చూస్తే కంగారు వస్తుందని ఆయన నమ్మకం. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో చాలామంది పాసయ్యారు. కొందరు కాలేదు. కానివాళ్ళందరికీ ఆయన ఒకటే కారణం చెప్పేవాడు, కంగారు.

కడలి భ్రమరాంబ అప్పటికి రెండుసార్లు కంగారు పడింది.

ఆమెకు బస్టాండు వెనక సందులో కర్రీ పాయింట్ ఉంది. కూరలు ఆమె వండుతుంది. కూరగాయలు తెచ్చే వ్యాను భర్త మంగరాజు నడిపేవాడు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఒక కంటికి చూపు తగ్గిందని, ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి వ్యాను ఇంటి ముందు నిలబడిపోయింది. పక్కింటివాళ్ళ కోడి దాని కింద పొదుగుతోంది. కూరగాయలు ఆటోలో వస్తున్నాయి. ఆటో అతను లేచి వెళ్ళేసరికి మార్కెట్లో మిగిలేది దొండకాయే. వారానికి నాలుగు రోజులు దొండకాయ కూర పెడితే జనం ఎదుటి సందులో ఉన్న కర్రీ పాయింట్‌కి పోతారు. పోతున్నారు కూడా.

అందుకని భ్రమరాంబ డ్రైవింగ్‌లో చేరింది. రెండోసారి ఫెయిలయ్యాక మంగరాజు వ్యాను అమ్మెయ్యడానికి మార్టేరు నుంచి ఒక మనిషిని మాట్లాడాడు. అతను గురువారం వచ్చి తీసుకెళ్తాడు. టెస్టు బుధవారం. ఆ మాట మంగరాజు మా కారు పక్కన నిలబడే ఆమెతో చెప్పాడు.

"పాసయ్యావా, వ్యాను నీది. కాలేదా, మార్టేరోడిది. గ్రౌండులో గెడలు నీ పేరు చెబితే వణుకుతున్నాయంట."

"వణకనియ్యండి," అంది భ్రమరాంబ. "కదిలేవైతే పక్కకి తప్పుకుంటాయి."

ఇది సోమవారం జరిగింది. ఆ సాయంత్రమే వీరభద్రం భార్యతో కలిసి వ్రతం చేయించుకోడానికి అన్నవరం బయలుదేరాడు. టెస్టుకి ముందు కారు కడిగించమని బామ్మర్ది సత్తిపండుకి తాళం ఇచ్చాడు. సత్తిపండు కొత్తగా కారు స్టిక్కర్ల షాపు తెరిచాడు. ఇంకా ఎవరూ రావడం లేదు. చేతిలో కారు ఉంది, ఊళ్ళో బావ లేడు. ఈ కాలంలో కార్లకి క్రోమ్ ఉండకూడదని, అంతా నల్లగా ఉండాలని ఫోన్‌లో వీడియోలు చూసి అతను నిర్ణయించుకున్నాడు.

సబ్బునీళ్ళతో కడిగాడు. నల్ల స్టిక్కర్ పరిచి, ప్లాస్టిక్ ముక్కతో గాలి బుడగలు నొక్కుకుంటూ వచ్చాడు. వేడిగాలి మిషన్ పెట్టి సాగదీశాడు. బ్లేడుతో అంచులు కోసి లోపలికి దోపాడు. సొట్ట దగ్గర రెండు పొరలు వేశాడు. పని శుభ్రంగా చేశాడు, అది ఒప్పుకోవాలి. నాతోపాటు మిగతా మూడు తలుపుల పట్టీలు, ముందు జాలీ, డిక్కీ మీది బద్ద కూడా నల్లబడ్డాయి. మెరవడం ఆగింది. చూడటం, వినడం ఆగలేదు.

బుధవారం ఉదయం సత్తిపండే కారును గ్రౌండుకి తీసుకొచ్చాడు. వీరభద్రం అన్నవరం ప్రసాదంతో నేరుగా అక్కడికే వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఇంకా రాలేదు. టెస్టుకి రావాల్సినవాళ్ళు చింతచెట్టు నీడలో నిలబడి ఉన్నారు. వీరభద్రం కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. నా దగ్గర ఆగాడు.

"ఏంట్రా ఇది?"

"బ్లాక్ లుక్కు బావా. క్రోముంటే పెళ్ళికారులా ఉంటది."

"సొట్టేదిరా?"

"ఏ సొట్ట?"

"తలుపు మీద సొట్టరా."

"అది కనపడకుండా చెయ్యడానికేగా బావా, రెండు పొరలేసింది."

వీరభద్రం ప్రసాదం బామ్మర్ది చేతిలో పెట్టి, గోరుతో స్టిక్కర్ అంచు లాగడం మొదలుపెట్టాడు. అది సాగింది గానీ ఊడలేదు. మూడేళ్ళు గ్యారంటీ అని సత్తిపండు గుర్తుచేశాడు. ఊడాలంటే మళ్ళీ వేడిగాలి పెట్టాలి, మిషన్ షాపులో ఉంది. షాపుకి వెళ్ళి వచ్చేలోపు ఇన్‌స్పెక్టర్ వచ్చేస్తాడు. టెస్టుకి వచ్చినవాళ్ళకి సంగతి తెలిసింది. వాళ్ళు తలుపు చుట్టూ చేరారు. చేపల మేత కంపెనీలో సేల్స్‌మన్‌గా చేసే ఒకతను, సొట్ట లేకపోతే నేను రాను, ఇంకో రోజు పెట్టించండి అన్నాడు. ఇంకో రోజు భ్రమరాంబకు లేదు.

ఆమె ముందుకొచ్చి బొటనవేలు నా మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి లాగింది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే ఆగింది. రెండు పొరల కింద కూడా ఆమె వేలికి సొట్ట దొరికింది. నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి అక్కడ అతికించింది.

నలుపు మీద ఎర్ర బొట్టు. రాజుగారి సొట్ట ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనపడలేదు. సత్తిపండు కూడా బాగుందన్నాడు. వీరభద్రం వాడివైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు ఒకసారి వేసి చూసుకుంటానని భ్రమరాంబ అడిగింది. సీటు బాగా ముందుకి లాక్కుంది. కింద దిండు వేసుకుంది. ఆమె పొట్టి మనిషి, సీటు ముందుకి రాకపోతే కాళ్ళు పెడల్స్‌కి అందవు. రివర్స్ వేసి వెనక్కి వచ్చింది. కుడి పక్క గెడ కదులుతూ కదులుతూ బొట్టుకి ఎదురుగా వచ్చింది. వచ్చిన క్షణానే ఆమె కుడికి ఫుల్ కట్ కొట్టింది. కారు వెనక మూల వెళ్ళి గెడకు తగిలింది. గెడ వంగింది.

భార్యతోపాటు వచ్చిన మంగరాజు చింతచెట్టు కింద నుంచి దగ్గాడు.

"కంగారు పడ్డారండి," అన్నాడు వీరభద్రం.

భ్రమరాంబ కారు దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నేను పడలేదండి. గెడ బొట్టు దగ్గరికి వచ్చాకే తిప్పాను. మీరొకసారి ఇక్కడ కూర్చోండి."

ఆమె దిగింది. ఆయన కూర్చోబోయాడు. మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలాయి, లోపలికి పట్టలేదు. సీటు వెనక్కి, చివరిదాకా తోసుకుంటే గానీ కూర్చోలేకపోయాడు. వీరభద్రం ఆరడుగుల మనిషి. ఆయన కూర్చున్న చోటు నుంచి బొట్టు వైపు చూస్తే గెడ ఒక చోట ఉంది. ఆమె కూర్చున్న చోటు నుంచి చూస్తే ఇంకొక చోట ఉంటుంది.

"మా వదిన గరిటతో నేను ఉప్పేస్తే కూర పాడైపోద్దండి," అంది భ్రమరాంబ. "ఆవిడ గరిట పెద్దది. ఇదీ అంతే."

వీరభద్రం దిగాడు. పొట్టివాళ్ళని కూర్చోబెట్టి ఆయన ఇన్నేళ్ళూ బయట నిలబడి పాఠం చెప్పాడు. వాళ్ళ సీట్లో కూర్చుని చూడాల్సిన అవసరం రాలేదు. సొట్టనైతే ఎవరూ జరపలేరు.

భ్రమరాంబ బొట్టు పీకి బెత్తెడు ముందుకి, సైడ్ అద్దం వైపుకి అతికించింది. మళ్ళీ వేసింది. ఈసారి కారుకి, గెడకి మధ్య జానెడు ఖాళీ ఉంది. చాలా ముందుకి జరిపానని, వేలెడు వెనక్కి తెచ్చింది. మూడోసారి వేయబోతుండగా ఇన్‌స్పెక్టర్ జీపు వచ్చింది.

మొదటి పేరు ఆమెదే. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరికి వచ్చి నా మీది బొట్టు చూశాడు. ఆ గ్రౌండులో ఆయన నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, గుర్రపు వెంట్రుకలు, ఒకసారి శంఖం కూడా చూశాడు.

"ఇదేంటమ్మా?"

"గుర్తండి."

"దేనికి?"

"నాకండి."

ఆయన వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. భ్రమరాంబ ముందుకి వెళ్ళింది. ఆగింది. రివర్స్ వేసింది. మంగరాజు చెట్టు నీడలోంచి ఎండలోకి వచ్చి నిలబడ్డాడు. మొదటి గెడ బొట్టు దగ్గరికి వచ్చింది, ఆమె తిప్పింది. గెడ కదలలేదు. రెండోది వచ్చింది. అదీ కదలలేదు. మూడో గెడ దగ్గర ఆమె నెమ్మదించింది. తిప్పింది. కారు గెడల మధ్యనుంచి బయటికి వచ్చి గీత మీద ఆగింది.

"ఇంకొకసారి వెయ్యమంటారా?" అని ఆమె అడిగింది. ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదని, పాసైనట్టు రాసుకున్నాడు.

ఆమె దిగి, పీకబోయిన బొట్టు పీకకుండానే ఆగింది. సేల్స్‌మన్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఇంకో బొట్టుంటే ఇస్తారా? నాది మీకంటే కొంచెం వెనక్కి ఉంటాదేమో."

భ్రమరాంబ హ్యాండ్‌బ్యాగులోంచి బొట్ల అట్ట తీసిచ్చింది. మధ్యాహ్నానికి నా మీద ఐదు బొట్లున్నాయి, ఎవరి ఎత్తుకి తగ్గట్టు వాళ్ళవి. చివరగా కారెక్కినతను తనది ఏదో మరిచిపోయి వేరేవాళ్ళ బొట్టు చూసి తిప్పాడు. అతను వచ్చే నెల మళ్ళీ రావాలి.

నా మీది నలుపును వీరభద్రం తీయించలేదు. స్కూల్లో ఇప్పుడు పాఠం మారింది. కొత్తగా చేరినవాళ్ళని ముందు సీటు సరిచేసుకోమంటాడు, తర్వాత ఎవరి గుర్తు వాళ్ళని పెట్టుకోమంటాడు. అద్దాలు కూడా చూడొచ్చంటున్నాడు. సత్తిపండు షాపుకి గిరాకీ మొదలైంది. బ్లాక్ లుక్‌కి కాదు. అతని దగ్గర మిగిలిన ముక్కల్లోంచి రంగురంగుల చుక్కలు కోయించుకుని మిగతా డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు పట్టుకెళ్తున్నారు.

టెస్టు మర్నాడు, ఆ గురువారం ఉదయమే వీరభద్రం ఒక కొత్త కుర్రాడికి క్లచ్ నేర్పిస్తూ కారును కూరగాయల మార్కెట్ వైపు తీసుకెళ్ళాడు. మార్కెట్ ముందు రోడ్డు నిండా బళ్ళు ఉండటంతో మేము ఆగాం. మా ముందు ఒక వ్యాను రెండు తోపుడు బళ్ళ మధ్య ఖాళీలోకి వెనక్కి వస్తోంది. స్టీరింగ్ దగ్గర భ్రమరాంబ ఉంది. మంగరాజు వ్యాను వెనక రోడ్డు మీద నిలబడి, రేకు మీద చేత్తో కొడుతూ "రానీ, రానీ" అని అరుస్తున్నాడు. ఆమె ఆయన వైపు చూడటం లేదు. వ్యాను రెండు బళ్ళ మధ్య ఆగింది. ఆమె ఇంజను ఆపి, తాళం తీసుకుని, సంచులు పట్టుకుని దిగింది. మంగరాజు ఇంకా "రానీ, రానీ" అంటున్నాడు.