ఎడం చెయ్యి పొట్టి చొక్కా

పక్కింటి కూరలో ఉప్పెక్కువైతే పూట తిరక్కుండా వీధులన్నీ పాకించే ఊరది. ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. అలాంటి మనుషులు లెక్కల మాస్టారి సంగతి ఎత్తితే మాత్రం ఏడాదిగా ఒకే మాట అప్పజెప్పేవారు, ఆయన పెట్టె సర్దుకుని ఎవరితోనో లేచిపోయాడని. ముసలాయన నుంచి చంటిదాని తల్లి దాకా అక్షరం పొల్లుపోకుండా అదే మాట.

మాస్టారి అక్క నెలకోసారి బస్సు దిగి ఇల్లిల్లూ తిరిగేది. ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అయ్యో పాపం అని, ఆ అబద్ధమే చెప్పి పంపేవారు. పెళ్ళై వచ్చి పద్దెనిమిదేళ్ళైనా ఇంకా పైఊరి మనిషిగానే మిగిలిన దర్జీ ఆవిడకి అసలు సంగతి ఎవరూ చెప్పలేదు గానీ, ఆ మర్యాద చూస్తే ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం ఊరి పెద్ద భార్య ఒక నీలం చొక్కా తెచ్చి మిషను మీద పడేసింది.

"మా అల్లుడికి కొన్నాం. కుట్టినవాడెవడో గుడ్డివాడిలా ఉన్నాడు. ఎడం చెయ్యి రెండు వేళ్ళ మేర పొట్టి. కాస్త సాగదియ్యి."

దర్జీ ఆవిడ మడత తిప్పి చూసింది. ఆ కుట్టు తనదే. చిన్నప్పుడు విరిగిన మాస్టారి ఎడం చెయ్యి పొట్టిదని, కొలిచి మరీ కుట్టిన చొక్కా అది. రేపు ఇస్తానని మాత్రం చెప్పి ఆవిణ్ణి పంపేసింది.

భోజనానికి వచ్చిన మొగుడి కంచం పక్కన ఆ చొక్కా పరిచింది. అతను తాపీ మేస్త్రీ. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మాస్టారెక్కడ?" అంది.

మేస్త్రీ ముద్ద కంచంలో వదిలేసి చెప్పాడు. కొత్త నీళ్ళ ట్యాంకు కట్టింది అతనే. ఊరి పెద్ద చెప్పాడని సిమెంటు సగమే కలిపాడు. గోడ బీట తీసిందని మాస్టారు పైకెక్కి చూపిస్తుంటే, ఆ గోడే కూలి ఆయన మీద పడింది. ప్రాణం అక్కడికక్కడే పోయింది. విచారణకి ఎవరైనా వస్తే ఊరి పరువు పోతుందని పెద్ద అన్నాడు. పదిమంది కలిసి శవాన్ని సున్నపు బట్టీ వెనక పూడ్చారు. మాస్టారి పెట్టెని తగలబెట్టమన్నారు కానీ తగలబెట్టలేదు. సైకిలు ఒకడు, పరుపు ఒకడు, బట్టలు ఊరి పెద్ద ఇంట్లోవాళ్ళు పంచుకున్నారు.

"మనిషిని పాతిపెట్టడానికి మనసొప్పింది గానీ మంచి గుడ్డ కాల్చడానికి ఒప్పలేదా మీకు?" అంది దర్జీ ఆవిడ.

"బయటపెడితే ముందు నన్నే పట్టుకుంటారే."

"పట్టుకోనీ."

మర్నాడు ఊరి పెద్ద భార్య వస్తే దారం కొనలేదని తిప్పి పంపింది. ఆ తర్వాతా ఏదో ఒక వంక చెప్పింది. మేస్త్రీ మూడు రోజులు బతిమాలాడు, ఒక రోజు అలిగాడు, తర్వాత మాటలు మానేశాడు. సోమవారం మాస్టారి అక్క బస్సు దిగగానే దర్జీ ఆవిడ ఎదురెళ్ళి చొక్కా చేతిలో పెట్టింది. ఆవిడ చొక్కా చేతులు రెండూ పక్కపక్కన పెట్టి కొలిచి చూసింది.

"తమ్ముడు లేడా?" అని అడిగింది.

"లేడక్కా. ఎక్కడున్నాడో నాకు తెలుసు. పద, పోలీసులకి చెబుదాం."

అదే బస్సెక్కి ఇద్దరూ వెళ్ళారు.

పోలీసులు బట్టీ వెనక తవ్వడం మొదలెట్టారో లేదో, ఏడాది మూతపడ్డ నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. నేను ఆ రోజే వద్దన్నానంటే నేను వద్దన్నానని ఎగబడ్డారు. సైకిలు తీసుకున్నవాడు దాన్ని భద్రంగా దాచిపెట్టానన్నాడు. మాస్టారు దేవుడిలాంటి మనిషన్నారు లేచిపోయాడన్నవాళ్ళే. పాపమంతా మేస్త్రీదేనని ఊరి పెద్ద వేలెత్తి చూపించాడు. మేస్త్రీ మాత్రం తను చేసింది తను ఒప్పుకుని, ఊరి పెద్ద చేయించింది కూడా చెప్పాడు. అతనికి మూడేళ్ళ శిక్ష పడింది, ఊరి పెద్దకి ఏడేళ్ళు.

ఇంటి గుట్టు బయటేసిన ఆడదని ఊరు దర్జీ ఆవిణ్ణి వెలేసింది. చచ్చినవాడి పరుపు మీద పడుకున్నవాళ్ళు తనకి నీతులు చెబుతుంటే ఆవిడకి నవ్వొచ్చింది. మిషను బండికెక్కించి పట్నంలో బస్టాండు వెనక గది తీసుకుంది. మాస్టారి అక్క అప్పుడప్పుడు వచ్చి గుండీలు కుట్టిపెట్టి వెళ్ళేది.

శిక్ష ముగిశాక మేస్త్రీ ఒక పొద్దున వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది. ఆవిడ తలెత్తి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. తొట్టిలో నీళ్ళున్నాయి, కాళ్ళు కడుక్కోమని చెప్పి, చేతిలో ఉన్న పని చూసుకుంది.