గ్యాలరీ దాటితే చెల్లని కార్డు

నేను ఒక అక్రిడిటేషన్ కార్డును. ఫలానా మనిషి పత్రికలో పనిచేస్తాడని సర్కారు ఒప్పుకుంటూ ఇచ్చిన ప్లాస్టిక్ ముక్కను. జిల్లా సమాచార శాఖ ఆఫీసులో, ఫ్యాను సరిగా తిరగని గదిలో పుట్టాను. నా మీద బొంతు సన్యాసిరావు ఫొటో ఉంది. ఊరందరినీ అందంగా చూపించే ఫొటోగ్రాఫరు, తను మాత్రం నా మీద జేబుదొంగలా పడ్డాడు.

నా కోసం అతను చెప్పులరిగేలా తిరిగాడు. ఇంటికి తీసుకెళ్తే భార్య దేవుడి దగ్గర పెట్టి నాకు బొట్టు పెట్టబోయింది. నా వల్ల బస్సు టికెట్టు తగ్గింది, ఆస్పత్రి కార్డు వచ్చింది. బావమరిది హెల్మెట్ లేకుండా బయల్దేరినప్పుడల్లా నన్ను అరువు పట్టుకుపోయేవాడు. ఇన్ని రకాలుగా పనికొచ్చాను కానీ, ఫొటో తీసే హక్కు నాలో ఎక్కడుందో ఎవరూ వెతకలేదు. నేనూ వెతుక్కోలేదు.

చినగెడ్డపాలెంలో మందుల ఫ్యాక్టరీ పెట్టాలా వద్దా అని అధికారులు ప్రజల అభిప్రాయం అడిగే సభ పెట్టారు. నన్ను చూసి సన్యాసిరావుకి షామియానా కింద ప్రెస్ గ్యాలరీలో కుర్చీ వేసి చల్లటి మజ్జిగ ఇచ్చారు. అభిప్రాయం చెప్పాల్సిన మత్స్యకారులను మాత్రం రోడ్డు మీదే తాళ్లు కట్టి ఆపేశారు. కాసేపటికి బయట కేకలు వినిపించాయి. అతను కుర్చీ వదిలి పరుగెత్తాడు. పోలీసులు లాఠీలతో బాదుతున్నారు. మైలపల్లి నూకమ్మ అనే చేపలమ్మే ముసలావిడ కింద పడి, దెబ్బలకి చేతులడ్డం పెట్టుకుంటోంది. అతను అన్నీ తీశాడు. ఆ కాసేపూ నాకు గర్వంగా అనిపించింది.

అంతలో సీఐ వచ్చి నన్ను అతని మెడలోంచి లాగేసుకున్నాడు.

“ఇది లోపల కూర్చోడానికిచ్చిన కార్డయ్యా. రోడ్డు మీద నీకేం పని? కెమెరాలో చిప్పు తీసిచ్చెయ్, కార్డిచ్చేస్తా. లేదంటే దీన్ని రద్దు చెయ్యమని రాస్తా.”

“డ్యూటీ చేస్తన్నాను సార్,” అన్నాడు సన్యాసిరావు. కాసేపు నా వైపు చూశాడు. తర్వాత చిప్పు తీసి ఇచ్చేశాడు. నన్నే ఎంచుకున్నాడు. నాకు సంతోషం కలగలేదు, సిగ్గేసింది.

మర్నాడు పేపర్లో సభ ప్రశాంతంగా ముగిసిందని వచ్చింది. పక్కన సమాచార శాఖ పంపిన వేదిక ఫొటో వేశారు.

కొన్నాళ్లకి నూకమ్మ చేతికి కట్టుతో పత్రికాఫీసుకి వచ్చింది.

“నానే పోలీసోలని రాయెట్టి కొట్టానని కేసెట్టారు బావూ. నువ్వు తీసిన బొమ్మ ఒకటియ్యి, కోర్టులో సూపించుకుంతాను.”

సన్యాసిరావు తలెత్తలేదు. “నేనప్పుడు లోపలున్నానమ్మా. ఏమీ తియ్యలేదు.”

ఆమె కోప్పడలేదు. బాగున్న చేత్తో నన్ను చూపించింది.

“అదేటి బావూ, అలగంతావు? నన్ను లేవదీసింది నువ్వే గదా. ఒంగినప్పుడు ఈ బిళ్ళే నా మొహానికి తగిలింది.”

అతను నన్ను చొక్కా జేబులోకి తోసేశాడు. కాసేపటికి ఆమె అడుగులు దూరమయ్యాయి. అవును, తగిలాను. జేబులోంచి చెప్పుకుంటే ఎవరికి వినపడుతుంది?